కుట్టుకి వదలని గుడ్డ

పోయిన వారం మన కత్తెరమ్మను ఎక్కడ వదిలేశామో పాఠకులు మరిచిపోయి ఉండరు. వంటింటి గడప మీద కూర్చుని ఉంది. ఒళ్లో చిల్లర, ఎదురుగా జీతం రావడానికి ఇంకా పదకొండు రోజులు, తలుపు మీద ఎవరో దబదబా బాదుతున్న చప్పుడు. అక్కడ ఆపేసినందుకు నన్ను తిట్టుకున్నవాళ్లు తిట్టుకున్నారు. ఈ వారమే కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి నాలుగు ముక్కల్లో సంగతి చెప్పి తలుపు తీయిస్తాను.

కత్తెరమ్మ అనేది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. స్కూలు యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో పన్నెండేళ్లుగా కటింగ్ టేబుల్ దగ్గర నిలబడ్డ మనిషికి తోటివాళ్లు ముద్దుగా తగిలించినది. నలభై చొక్కాలకని ఇచ్చిన తానులో నలభై ఒకటో చొక్కా తీసే చెయ్యి ఆమెది. వయసు ముప్ఫై మూడు. తొమ్మిదేళ్లు అన్నయ్య ఇంట్లో మూలగదిలో ఉంది. ప్రతి ఒకటో తారీఖునా జీతంలో సగం అన్నయ్య చేతిలో పెట్టింది. ఇరవై రోజుల క్రితం, గడియారాలు బాగుచేసే దుకాణం పైన రెండో అంతస్తులో ఒక గదీ వంటిల్లూ అద్దెకు తీసుకుని ఒక్కతే వచ్చేసింది. ఎవరితోనూ తగవు పడి కాదు. లైటు ఎప్పుడు ఆర్పాలో ఇంకొకరు చెబితే వినడం ఇక చాలనిపించింది, అంతే. బయల్దేరుతుంటే అన్నయ్య అన్న మాట మాత్రం చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. మూడు నెలలట. నాలుగో నెల ఒకటో తారీఖుకి ఆమె పెట్టె మళ్లీ మూలగదిలో ఉంటుందట.

ఇక ఇంటాయన. కింద దుకాణం ఆయనదే. అడ్వాన్సు మూడు వాయిదాల్లో ఇస్తానంటే ఒప్పుకున్న మంచి మనిషి, ఒక్కరోజు దాటినా ఊరుకోని ఖచ్చితమైన మనిషి. మొదటి వాయిదా అందింది. రెండోది వచ్చే ఒకటో తారీఖున అద్దెతో కలిపి ఇవ్వాలి. ఇవ్వలేకపోతే గది కోసం ఎదురింటి పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే కాంపౌండరు కాచుకుని ఉన్నాడు. వారానికోసారి వచ్చి గడియారం బాగుచేయించుకునే నెపంతో పైకి చూసి పోతున్నాడు. సంగతి ఇదీ.

ఇప్పుడు తలుపు తీద్దాం.

గుమ్మంలో వదిన. రెండంతస్తులు ఎక్కి రావడంతో నుదుటి మీద జుట్టు చెమటకి అతుక్కుపోయి ఉంది. కింద వీధిలో ట్రాలీ ఆటో, దాని తొట్టి ముందు భాగంలో తాళ్లతో బిగించి కట్టిన పొట్టి ఫ్రిజ్జు, వెనకాల పట్టా కప్పిన ఏదో సామాను. ట్రాలీ అతను తలెత్తి ఎంతసేపని అడుగుతున్నాడు. ఆగినంతసేపూ డబ్బులు అదనమని కూడా ముందే చెప్పేశాడు, తర్వాత మాట రాకుండా.

అన్నయ్యే పంపించారని వదిన చెప్పింది. ఎండలు ముదురుతున్నాయి, పాలు విరిగిపోతాయి, పెట్టించి రమ్మన్నారని. ఈ మాటలు ఆవిడ మెట్లకేసి చూస్తూ చెప్పింది. కత్తెరమ్మ అది పట్టించుకోలేదు. ఆ క్షణంలో ఆమె బుర్ర లెక్కల్లో ఉంది. ఏనుగును దానమిస్తే సరిపోతుందా, మేత ఎవరు వెయ్యాలి? రాత్రింబవళ్లు తిరిగే ఫ్రిజ్జు వస్తే కరెంటు బిల్లు ఎంత పెరుగుతుందో ఆమెకి తెలుసు. ఇరవై రోజులుగా మీటరు దగ్గర నిలబడి చూసుకుంటున్న మనిషి. పైగా ఆ ఫ్రిజ్జు వెంట అన్నయ్య మాట కూడా మెట్లెక్కి వస్తుంది. రేపు ఏదైనా తేడా వస్తే, ఫ్రిజ్జు దగ్గర్నుంచి అన్నీ మేమే చూశాం అంటారు.

వద్దని చెప్పింది. అన్నయ్యకి తానే ఫోన్ చేసి చెబుతానంది.

ఇప్పుడే వద్దని వదిన ఆపింది. ఆయనకి ఆదివారం కూడా గోడౌన్లో డ్యూటీ, పనిలో ఉన్నప్పుడు ఫోన్ చేస్తే చిరాకు పడతారు, సాయంత్రం చేసుకోవచ్చు అంటూ లోపలికొచ్చింది. కూర్చోవడానికి కుర్చీ లేదు. చాప మీద కూర్చుంది. మంచినీళ్లు అడిగింది. కత్తెరమ్మ గ్లాసు ఇచ్చింది. తాగి, రెండో గ్లాసు లేదా అని అడిగింది వదిన. లేదు. ఒక గ్లాసు, ఒక పళ్లెం, ఒక బకెట్టు, ఒక దిండు. లెక్కలో ఒక్కరికే రాసుకున్నప్పుడు రెండోది ఎక్కణ్ణించి వస్తుంది?

వదిన చూపు అప్పుడు గోడ మీద పడింది.

ఆ గోడ మీద కత్తెరమ్మ పరువు ప్రతిష్ఠలన్నీ వేలాడుతున్నాయి. ఫ్యాక్టరీలో గుడ్డ మీద పరిచే మందపాటి కాగితం ఉంటుంది కదా, అలాంటి కాగితాన్ని మూడు మూరల పొడుగున కత్తిరించి గోడకి అంటించింది. అది జీతం. దాని మీద రంగురంగుల కాగితం ముక్కలు. అద్దెకి పెద్ద నీలం ముక్క. తిండికి పసుపు. బస్సుకి, కరెంటుకి, గ్యాసుకి, జ్వరం వస్తే మందులకి తలో ముక్క. అడ్వాన్సు వాయిదాకి ఎరుపు. ఏ ఖర్చు ఎంతో ఆ ముక్క అంత. గుడ్డ మీద చొక్కా చేతుల్నీ కాలర్లనీ ఒకదాని సందులో ఒకటి ఇరికించినట్టే వీటినీ ఇరికించింది. మధ్యలో గోరు దూరే సందు లేదు. ఇంట్లోకి దిగకముందే, మూలగదిలో కూర్చుని నాలుగు రాత్రులు చేసిన పని అది. పూర్తయిన రోజు ఆమెకి ఎంత గర్వమంటే, జీతంలో ఒక్క పీలిక కూడా వృథా పోలేదని తనలో తానే నవ్వుకుంది.

అదే కాగితం ఇప్పుడు ఆమెని చూసి నవ్వుతోంది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఒంటరిగా అద్దెకి దిగి చూడు అనడం ఎందుకు మరిచిపోయారో తెలియదు. చీపురు కొన్నాక చేట గుర్తొచ్చింది. తాళం కొన్నాక గొళ్లెం ఊడింది. గ్యాసు ట్యూబు పాతదైపోయింది, కుళాయి కారింది, బాత్రూమ్ బల్బు రెండో రోజే మాడిపోయింది, బట్టలారేసుకునే తాడు కొంటే క్లిప్పులు లేకుండా చొక్కా ఎదురింటి డాబా మీదకి ఎగిరిపోయింది. ఒక్కోటీ వేలెడంత ఖర్చు. అన్నీ కలిస్తే మూరెడు. ఆ మూరెడూ పసుపు ముక్కలోంచే పోయింది, అంటే తిండిలోంచి. ఇప్పుడున్న చిల్లర నాలుగు రోజులకి వస్తుంది. ఎర్ర ముక్క డబ్బు డబ్బాలో భద్రంగా ఉంది గానీ, దాన్ని ముట్టుకుంటే ఒకటో తారీఖున కాంపౌండరు పెట్టే బేడా సర్దుకుని వచ్చేస్తాడు. అందుకే వంటింటి గడప మీద కూర్చుని ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. ఒంటిపూట భోజనం, ఫ్యాక్టరీకి నడక. పోను ముప్పావుగంట, రాను ముప్పావుగంట. పదకొండు రోజులేగా, చచ్చిపోరు కదా ఎవరూ.

వదిన లేచి గోడ దగ్గరికి వెళ్లింది. ఈ వదిన ఎవరో కూడా చెప్పాలి. పదకొండేళ్లుగా ఆ ఇంటి కోడలు. ఇంటి దగ్గరే మిషను పెట్టుకుని చుట్టుపక్కల ఆడవాళ్లకి బట్టలు కుడుతుంది. పిల్లల్లేరు. గొంతు పెంచి మాట్లాడగా కత్తెరమ్మ ఎన్నడూ వినలేదు. ఆవిడ కాగితాన్ని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూసింది, ముక్కల సందుల్లో వేలితో తడిమింది, తర్వాత నవ్వింది.

"చిన్నీ, కుట్టుకెక్కడ వదిలావే?"

కత్తెరమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి.

కత్తెర పట్టడం రానివాళ్లకి ఈ తప్పు చేతకాదు. ఫ్యాక్టరీలో ప్యాటర్న్ ముక్కలు, అంటే కొలతకి కోసిన అట్టలు, వేరే గదిలోంచి తయారై వస్తాయి. కుట్టు వెయ్యడానికి అంచున వదలాల్సిన అరంగుళం వాటిలో ముందే కలిపి ఉంటుంది. కత్తెరమ్మ పనల్లా ఆ ముక్కల్ని గుడ్డ మీద ఎంత దగ్గరగా ఇరికించగలిగితే అంత దగ్గరగా ఇరికించడం. పన్నెండేళ్లలో అంచు వదలాల్సిన అవసరం ఆమెకి ఒక్కసారీ రాలేదు. వదిలిన అంచు ఆమె కంటికి దండగ. ఇంట్లో కుట్టేవాళ్ల సంగతి అలా కాదు. చాక్‌పీసుతో గుడ్డ మీద తామే గీసుకుంటారు, కొలత మీద అంగుళం ఎక్కువే వదులుతారు. మనిషి ఒళ్లు చేస్తుంది, గుడ్డ ముడుచుకుంటుంది, కుట్టు తప్పుతుంది అని వాళ్లకి తెలుసు. అందుకే, నలభై ఒకటో చొక్కా తీసే చెయ్యి తన సొంత బతుకుని కొలతకి సరిగ్గా కత్తిరించుకుంది. కుడదామంటే అంచు లేదు.

"ముక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి," అంది వదిన మెల్లిగా. "కానీ వీటిని ఒకదానికొకటి కుట్టాలి కదమ్మా. కుడితే ఒక్కొక్కటీ పొట్టయిపోతుంది. నీకు పసుపు పొట్టయింది."

కింద నుంచి ట్రాలీ అతను కేకేశాడు. పది నిమిషాలైందని గుర్తు చేశాడు. వదిన కిటికీలోంచి చెయ్యి ఊపి మళ్లీ గోడ దగ్గరికే వచ్చింది.

అంచులకి గుడ్డ ఎక్కడిదని కత్తెరమ్మ అడిగింది. అద్దె తగ్గదు. ఎరుపు ముట్టుకోనని ఒట్టు పెట్టుకుంది. పిండి కొద్దీ రొట్టె అంటారు, ఇక్కడ పిండంతా అయిపోయిందని చెప్పింది. వదిన ఒక ముక్క మీద వేలు పెట్టింది. ఆకుపచ్చది. అద్దె తర్వాత అంత పెద్దది అదే. దాని మీద ఏమీ రాసి లేదు. మిగతా అన్నిటి మీదా ఏది దేనికో రాసి ఉంది.

"ఇది మాకా?"

కత్తెరమ్మ ఒప్పుకుంది. అవును, అన్నయ్య ఇంటికే. జీతంలో అయిదో వంతు. ఎవరూ అడగలేదు. గడప దాటేటప్పుడు తనే చెప్పింది, నెలనెలా పంపుతూ ఉంటానని. తొమ్మిదేళ్లు తిండి పెట్టిన ఇల్లు, వచ్చేశాక చేతులు దులుపుకుందని ఎవరూ అనకూడదు. ఈ నెల డబ్బు అప్పుడే కవర్లో పెట్టి అలమరలో ఉంచింది, రేపు పంపాలి. ఒంటిపూట తినడానికి సిద్ధపడింది గానీ ఆ కవరు వైపు ఆమె చెయ్యి పోలేదు. చూశారా మన కత్తెరమ్మ తెలివి! కాగితం మీద అన్నిటికంటే ముందు కత్తిరించిన ముక్క అదే, అద్దె కంటే ముందు.

"పదకొండేళ్లుగా ఆ ఇంటి ఖర్చు రాస్తున్నది నేను," అంది వదిన. "నీకెంత అయ్యేదో నాకు తెలిసినట్టు మీ అన్నయ్యకి కూడా తెలీదు. అయినదానికి రెండింతలు ఇచ్చావు. ప్రతి నెలా ఇచ్చావు. మా ఇంటికి నువ్వు బాకీ లేవు చిన్నీ. ఎప్పుడూ లేవు."

ఇలాంటి మాట విన్నప్పుడు మనిషికి సంతోషం కలగాలి. కత్తెరమ్మకి ఒళ్లు మండింది. తొమ్మిదేళ్లు! పండూ పూలూ అడగకుండా, నలుగురితో సినిమాకి పోకుండా, ఫ్యాన్ వేసుకుంటే కరెంటు కాలుతుందేమోనని ఎండాకాలం తలుపు తీసుకుని పడుకుంది. ఆ ఇంట్లో తాను భారమని ఎవరూ అనలేదు, కాదని కూడా ఎవరూ అనలేదు.

"ఈ మాట నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదు వదినా?"

వదిన ఖాళీ గ్లాసు చేతిలో తిప్పుతూ నిలబడింది.

"చెబితే నువ్వు అప్పుడే వెళ్లిపోయేదానివి. ఆ ఇంట్లో నాతో మాట్లాడే మనిషివి నువ్వొక్కదానివే."

ఈ జవాబుతో కత్తెరమ్మ కోపం పూర్తిగా పోలేదు, ఉన్నచోటే ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు వదిన మిషను తొక్కుతుంటే తాను గడప మీద కూర్చుని చెప్పిన ఫ్యాక్టరీ కబుర్లన్నీ గుర్తొచ్చాయి. అవి తనకి కాలక్షేపం. అవతలి మనిషికి అంతకంటే ఎక్కువని అప్పుడు అనుకోలేదు. ఆ తొమ్మిదేళ్లలో వదిన ఏం అనుకుంటోందో ఒక్కసారీ అడగలేదని తెలిసి సిగ్గు కూడా వేసింది.

ఆమె ఏడవలేదు. లేచింది. గోడ మీంచి ఆకుపచ్చ ముక్కని ఒడుపుగా ఊడదీసింది, చిరగకుండా. నేల మీద పరిచింది, కత్తెర తీసింది. కటింగ్ టేబుల్ దగ్గర ఆమె చెయ్యి ఎలా నడుస్తుందో చూసినవాళ్లకి తెలుసు, ఒకసారి మొదలైతే మధ్యలో ఆగదు. పచ్చ ముక్క సన్నటి పీలికలైంది. తిండి ముక్క చుట్టూ ఒకటి, బస్సు ముక్క చుట్టూ ఒకటి, గ్యాసుకి ఒకటి, మందులకి ఒకటి. అన్నిటికీ అంచులు అంటించాక ఇంకా వెడల్పాటి పట్టీ ఒకటి మిగిలింది. దాన్ని దేనికీ అంటించలేదు. ఊరికే ఓ పక్కన పెట్టింది, ముందుముందు ఏం చిరుగుతుందో ఎవరికి తెలుసని. తర్వాత అలమరలోంచి కవరు తీసి, చింపి, అందులో డబ్బు తిండి ఖర్చు డబ్బాలో పోసింది. పదకొండు రోజులకి రెండుపూటలా భోజనం. బస్సు. ఎరుపు ఎక్కడిదక్కడే. ఒకటో తారీఖున ఇంటాయన చేతిలో రెండో వాయిదా పడుతుంది. కాంపౌండరు ఇంకో గడియారం బాగుచేయించుకోవాల్సిందే.

అప్పుడు ఫోన్ తీసింది.

"సాయంత్రం చెయ్యి," అంది వదిన. గొంతు మారింది. "చెప్పాగా, డ్యూటీలో ఉంటారు."

చేయాల్సినదేదో చెయ్యి వేడిగా ఉన్నప్పుడే చెయ్యాలని కత్తెరమ్మ సిద్ధాంతం. సాయంత్రానికి మనసు మెత్తబడుతుంది, మనసు మెత్తబడితే మళ్లీ కవరు తయారవుతుంది. నంబరు నొక్కింది. అవతల గోడౌన్లో ఫ్యాన్ల హోరు, వెనకాల ఎవరో సరుకు లెక్కపెడుతున్న గొంతు. అన్నయ్య హలో అనగానే ఎలా ఉన్నావని కూడా అడగనివ్వలేదు.

"అన్నయ్యా, ఈ నెల నుంచి ఇంటికి డబ్బు పంపను. పంపుతానని నేనే చెప్పాను, నేనే మానేస్తున్నాను. నా ఇంటికి చాలడం లేదు."

అన్నయ్య మొదలుపెట్టాడు. తాను అడిగాడా అన్నాడు. డబ్బు కోసం చెల్లెల్ని పెట్టుకున్నానని లోకం అనుకుంటే ఎవరికి అవమానం అన్నాడు. చాలడం లేదని ఇరవై రోజులకే ఒప్పుకుంది కాబట్టి మూడు నెలలు కూడా అక్కర్లేదన్నాడు. ఒంటరిదానికి రేపు జ్వరమొస్తే ఎవరు చూస్తారని అడిగాడు. గొంతులో కోపముంది, దాని అడుగున నిజమైన బెంగ కూడా ఉంది. తొమ్మిదేళ్లు ఒకే ఇంట్లో ఉన్న మనిషికి ఆ తేడా తెలుస్తుంది. తెలిసినా కత్తెరమ్మ మెత్తబడలేదు.

"జ్వరానికి కూడా ఒక ముక్క పెట్టుకున్నాను. నువ్వు చూడ్డానికి రా, వద్దనను. నన్ను తీసుకెళ్లడానికి మాత్రం రాకు."

అంటున్నప్పుడు మాట వణకలేదు, అది ఆమె స్వయంగా గమనించి సంతోషించింది. అవతల అన్నయ్య సరే నీ ఇష్టం అన్నట్టు గొంతు సవరించుకున్నాడు. ఫోన్ పెట్టేసే లోపల మిగిలిన పని కూడా పూర్తి చేద్దామని ఆమె తొందరపడింది.

"ఫ్రిజ్జు కూడా వెనక్కి పంపిస్తున్నాను. పంపినందుకు సంతోషం, కానీ దాని కరెంటు నేను భరించలేను."

"ఏ ఫ్రిజ్జు?" అన్నాడు అన్నయ్య.

కత్తెరమ్మ వదిన వైపు చూసింది. వదిన తల తిప్పలేదు. గోడ దగ్గర నిలబడి, మిగిలిపోయిన పచ్చ పట్టీని చేత్తో పట్టుకుని, జానతో కొలుస్తోంది.

ఎవరు తెచ్చారని అన్నయ్య అడిగాడు. వదిన తెచ్చిందని చెప్పింది. ఫ్యాన్ల హోరు అలాగే వినబడుతోంది గానీ సరుకు లెక్కపెట్టే గొంతు ఆగిపోయింది, అన్నయ్య ఎవర్నో ఆగమన్నట్టుంది.

"మీ వదిన పొద్దున్నే వాళ్లక్క ఇంటికని చెప్పి బయల్దేరింది. నీ దగ్గరికెందుకొస్తుంది?"

ఆమె జవాబు చెప్పేలోపే మెట్ల మీద బరువుగా అడుగుల చప్పుడైంది. ట్రాలీ అతను కింద ఎదురుచూసి చూసి విసుగెత్తి పైకే వచ్చేశాడు. భుజం మీద ట్రంకు పెట్టె, చంకలో చుట్ట చుట్టిన పరుపు. తలుపు తీసే ఉంది కాబట్టి గుమ్మంలో నిలబడి, లోపలున్న ఇద్దరిలో ఎవరి మాట వినాలో తెలియక, ఇద్దరికీ వినబడేలా గట్టిగా అడిగాడు.

"అమ్మా, ఫ్రిజ్జు సంగతి మీరూ మీరూ తేల్చుకోండి. ఈ పెట్టే, కుట్టు మిషనూ, బట్టల మూటలూ పైన దింపెయ్యమని పొద్దున్నే చెప్పారు కదా, ఎక్కడ పెట్టమంటారు?"

కత్తెరమ్మ చేతిలో ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. ఆ మాట అన్నయ్య కూడా విన్నాడు.